పడుకోబెట్టిన బ్యాడ్జీ

పాత వంతెనను వరద మింగిన తర్వాత నాలుగో ఏడు అది. వంతెన మళ్లీ కట్టారు. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో చెప్పే బురద గీత మాత్రం ప్లాంటు ప్రహరీ మీద ఇంకా ఉంది, మనిషి భుజమెత్తున. అణువు నుంచి కరెంటు తీసే ప్లాంటు. ఆ గోడ పక్క నుంచే ముప్పై రెండేళ్లు డ్యూటీకి వెళ్లొచ్చాడు ఫిట్టరు. ఇప్పుడు పని మానేసి కూతురి దగ్గర ఉంటున్నాడు.

తోటివాళ్లు అతన్ని ముంగి అనేవారు. అడిగితే తప్ప మాట్లాడడు. అడిగినా సగమే చెబుతాడు. "నువ్వు స్వర్గానికి పోయినా అక్కడ నీ పేరు చెప్పడానికి నేను తోడు రావాలి" అనేది భార్య. చివరికి ఆవిడే ముందు వెళ్లింది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక మనవరాలు వంటింటి బల్ల తుడిచి, నాలుగు కాగితాలు వరసగా పరిచింది. ఫ్యాను గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో గ్లాసు బోర్లించింది. ఇంజనీరింగు మంచి మార్కులతో ముగించిన పిల్ల. పై చదువు అణు ఇంజనీరింగే చదువుతానని రెండేళ్లుగా పట్టు మీద ఉంది.

"ఇదిగో తాతా, నాలుగు దారులు. అన్నీ ఎం.టెక్కే, అన్నీ రెండేళ్లే. మొదటిది పొయ్యి కట్టడం. అంటే రియాక్టరు డిజైను. రెండోది కట్టెలు, ఇంధనం సంగతి. మూడోది బూడిద. వాడేసిన సరుకుని వేల ఏళ్లు ఎక్కడ దాచాలా అని. నాలుగోది పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ల చేతులు కాలకుండా చూడటం. రేడియేషన్ రక్షణ అంటారు."

పక్క గదిలో కుట్టుమిషను తొక్కుతున్న కూతురు తల ఎత్తకుండానే అంది. "ఆ నాలుగోది పాతికేళ్లుగా నేను చేస్తూనే ఉన్నాను. నాకెవరూ పట్టా ఇవ్వలేదేమే?"

"నీకు చేతులు కాలాయిగా అమ్మా. ఫెయిలు."

"కాలింది నీకు పాలు కాచబట్టే."

ఫిట్టరు టీ తాగుతూ విన్నాడు. పిల్ల వేలు కాగితాల మీద తిరుగుతోంది.

"డిజైనుకి వెళ్తే దూరం, హాస్టలు. అది అయ్యాక కూడా పీహెచ్‌డీ అని ఇంకో నాలుగైదేళ్లు కూర్చోవాలి, లేకపోతే ఎవడూ దేకడు. ఇంధనం సీట్లు కెమిస్ట్రీ వాళ్లే తన్నుకుపోతారు. బూడిదకి సీట్లు ఎప్పుడూ మిగిలే ఉంటాయి, దాన్ని ఎవరడుగుతారు? నాలుగోది నాకు సరిగ్గా సరిపోతుంది. మొదటి ఏడు మన ప్లాంటులోనే ప్రాజెక్టు, రెండో ఏడు క్లాసులు. అయ్యాక అక్కడే ఉద్యోగం."

"ఏం ప్రాజెక్టు?" అంది కూతురు.

"కింది గది."

ఫిట్టరు గ్లాసు కింద పెట్టాడు.

"పాత యూనిట్‌ని ఇంకో ఇరవై ఏళ్లు నడపాలంటున్నారు. కింది గదిలో వాల్వులన్నీ మార్చాలి. ఇప్పుడది కిరణాలు పైకి రాకుండా నీళ్లు నింపి మూసేసి ఉంది. నీళ్లు తోడేశాక మనిషి లోపల ఎంతసేపు ఉండొచ్చో ముందే లెక్క కట్టుకోవాలి. ఆ లెక్కకి ఆధారం ఎవరనుకున్నావు తాతా? నువ్వే. మీ గ్యాంగు పదకొండు మంది, పదకొండేళ్ల బ్యాడ్జీ లెక్కలు."

బ్యాడ్జీ అంటే ఛాతీ మీద తగిలించుకునే చిన్న బిళ్ల. మనిషి మీద ఎంత కిరణం పడిందో అదే పట్టి ఉంచుతుంది. నెలకోసారి తీసుకెళ్లి చదువుతారు. హద్దు దాటిన వాణ్ని లోపలికి పంపరు. 'వాడు నిండాడు' అనేవారు ప్లాంటులో. నిండినవాడు ఆ ఏడంతా బయట గడ్డి కోయాలి, గేట్లకి రంగులు వేయాలి.

"ఆ మూల వాల్వు ప్యాకింగు నువ్వు ఎనిమిది నిమిషాల్లో మార్చేవాడివట! రిజిస్టరులో ఎప్పుడు చూసినా ఎనిమిదే. పడిన మోతాదు చూస్తే ఎక్స్‌రే తీయించుకున్నంత కూడా లేదు. ఈ లెక్కలు నాచేత కట్టించిన ప్రొఫెసరు ఏమన్నాడో తెలుసా? ఇలాంటి రికార్డు నేనెక్కడా చూడలేదమ్మా, మీ తాతగారికి దండం పెట్టాలి అన్నాడు. ఈ లెక్కన ఇప్పుడు మనిషికి ఇరవై నిమిషాలు ఇవ్వొచ్చు. తలుపు తీశాక మొదట లోపలికి వెళ్లి వాల్వు పక్కన కొలత తీసేది నేనే."

మిషను ఆగింది. "నువ్వెందుకే మొదట?"

"ప్రాజెక్టు నాదిగా మరి. కంగారు పడకు, ఈయన పదకొండేళ్లు వెళ్లొచ్చాడు, చూడు, గుండ్రాయిలా ఉన్నాడు."

ఆమె చేతిసంచీలోంచి ఇంకో కాగితం తీసింది. బతికున్న పాత కార్మికుల లెక్కలు వాడుకోవాలంటే వాళ్ల సంతకం కావాలట. గ్యాంగులో మిగిలింది నలుగురు. ఇద్దరు వేరే ఊళ్ల నుంచి పోస్టులో పంపారు. వెల్డరు నిన్ననే పెట్టేశాడు. ఇక ఫిట్టరుదే.

"రేపు పదింటికి సీట్లు ఇచ్చేస్తారు తాతా. అప్పటికి ఇది నా చేతిలో ఉండాలి."

"ఆయన పెట్టకపోతే ఏమవుతుంది?" అంది కూతురు తమాషాకి.

"ఏమవుతుంది? మిగతా పదిమంది లెక్కలతో నడిపించేస్తారు. సంతకాలు తెచ్చే పూచీ నాది కాబట్టి సీటు మాత్రం వరసలో ఇంకొకరికి పోతుంది. నా వెనక పద్నాలుగు మంది ఉన్నారు కాచుకుని."

ఫిట్టరు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. సంతకం చేసే చోట చుక్కల గీత ఉంది. మూడో తరగతితో ఆగిన చదువు. సంతకానికి అతనికి కొంచెం సేపు పడుతుందని పిల్ల ఓపికగా పెన్ను పట్టుకుని నిలబడింది. అతను కాగితం మళ్లీ బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికి నాన్నా ఈ ఎండలో?"

"రేడియో" అన్నాడు.

రేడియో అంటే వెల్డరే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాబట్టి ఆ పేరు. రెండు వీధుల అవతల ఉంటాడు. దారిలో గ్యాంగువాళ్ల ఇళ్లు మూడు దాటాలి. మూడింట్లోనూ ఆడవాళ్లే ఉన్నారు. మొత్తం మీద ఏడుగురు పోయారు. ఒకడికి రక్తం చెడింది. ఒకడికి గొంతు. ఇద్దరికి ఎముకలు. పొగ తాగుడన్నారు, వయసన్నారు, వంశంలోనే ఉందన్నారు. బ్యాడ్జీ లెక్కలు చూస్తే అలాగే అనాలి మరి.

వెల్డరు మంచం మీద దిండ్లు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకి గొట్టాలు. మంచం పక్కన గాలి మిషను గుర్రుమంటోంది.

"రారా ముంగీ. నువ్వొస్తే ఇంట్లో చప్పుడు తగ్గుతుంది."

ఫిట్టరు స్టూలు లాక్కున్నాడు. "సంతకం పెట్టావా?"

"పెట్టకేం? నీ మనవరాలు వచ్చి రేడియో తాతా అంటే కాదంటానా? మనం ఎనిమిది నిమిషాల మొనగాళ్లమటరా!" నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఎనిమిది నిమిషాలు. తలుపు దగ్గర చేతి తొడుగులు తొడుక్కోవడానికే చాలేవి కావు."

"ఆ పిల్లే మొదట వెళ్తుంది. ఇరవై నిమిషాలు."

వెల్డరు నోరు మూతపడింది. అతనికి మాట ఆగడం ఫిట్టరు ఎన్నడూ చూడలేదు. మిషను ఒక్కటే పలుకుతోంది.

కింది గది తలుపు పక్కన కిరణాలు దూరని సీసపు ఇటుకలు పేర్చి ఉండేవి. రెండు ఇటుకల మధ్య అరచెయ్యి పట్టేంత సందు. లోపలికి దిగేముందు ఫిట్టరూ వెల్డరూ ఛాతీ మీది బ్యాడ్జీ తీసి ఆ సందులో పెట్టేవారు. 'బ్యాడ్జీని పడుకోబెట్టడం' అని దానికి పేరు. ఫోర్‌మను ఆ సమయానికి అటు తిరిగి నిలబడేవాడు. వాల్వు కారకుండా కుక్కే ప్యాకింగు చుట్లు పీకి కొత్తవి దూర్చే పని అసలు నలభై నిమిషాలు. పైకి వచ్చాక ఎనిమిది అని రాసేవారు, ఎందుకంటే హద్దు ఎనిమిదే.

పాడు బుద్ధితో చేసింది కాదు. ఆ మూల వాల్వు చేతికి తెలియాలి. బోల్టు కంటికి కనబడదు, వేళ్లతో తడిమి పట్టుకోవాలి. తెలిసిన చేతులు ఆ ఇద్దరివే. వాళ్లు నిండితే కొత్తవాళ్లు దిగాలి. కొత్తవాడికి బోల్టు దొరకడానికే ఎనిమిది నిమిషాలు. ఇరవై మంది దిగినా పని తెమలదు, ఇరవై మందీ కిరణాల్లో తడుస్తారు. పెళ్లికాని కుర్రాళ్లు. మనకి పిల్లలు పుట్టేశారు, మనమే దిగుదాం అనుకున్నారు. పదకొండేళ్లు అలాగే దిగారు. అది చూసి మిగతావాళ్లూ తమ తమ మూలల దగ్గర బ్యాడ్జీలు పడుకోబెట్టడం నేర్చుకున్నారు.

"మీటరు గుర్తుందిరా?" అన్నాడు వెల్డరు చివరికి. గొంతు బాగా తగ్గింది. "ఆ కొలతలాయన కర్ర చివర కట్టి లోపలికి పెట్టాడే. ముల్లు ఆ చివరికంటా పోయి, గిర్రున తిరిగొచ్చి సున్నా మీద పడుకుంది. పాడైందన్నాడు. ఇంకోటి తెచ్చాడు. అదీ అంతే, దానికి పట్టలేనంత ఉంది లోపల. ఏం రాశాడు పుస్తకంలో?"

"సున్నా."

"సున్నా. నేను చూశాను. నువ్వూ చూశావు. పద దిగుదాం అన్నాను నేనే."

"ఇప్పుడు మంచి మీటర్లు ఉంటాయి."

"అప్పుడూ మంచివనే చెప్పారు." వెల్డరు గొట్టం సర్దుకున్నాడు. "చెబుతావా పిల్లకి?"

ఫిట్టరు గాలి మిషను వైపు చూశాడు.

"చెబితే ఊరుకోరురా. ప్లాంటు ఇచ్చిన ఆసుపత్రి కార్డు లాక్కుంటారు. ఈ గాలి ఆ కార్డు మీదే వస్తోంది నాకు. పోయినవాళ్ల పెళ్లాలకీ అదే ఆధారం. మీరే మోసం చేశారు, మీ చావు మీరు చచ్చారు అంటారు. తవ్వి తలకెత్తుకున్నట్టు అవుతుంది." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "చెప్పొద్దని అనటం లేదు. చెప్పమనీ అనలేను. నీ ఇష్టం. నువ్వెలాగూ మాట్లాడవుగా, దేవుడు నన్ను అలా కాపాడుతున్నాడు."

ఫిట్టరు లేచి, వెళ్లేముందు మిషను వైరు కాళ్లకి తగలకుండా మంచం కిందికి జరిపాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మనవరాలు కాగితాలన్నీ ఫైల్లో సర్దుకుంటోంది. అతను గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు.

"మొదటిది తీసుకో. పొయ్యి."

"ఇన్నేళ్లకి నోరు తెరిచి నువ్వు చెప్పేది ఇదా?" పిల్ల నవ్వింది. "ఎందుకు తీసుకోవాలి?"

అతను అటూ ఇటూ చూసి, పనిముట్ల డబ్బాలోంచి చిన్న స్పానరు తీశాడు. వంటింటి సింకు కింది తలుపులు తెరిచి, డబ్బాలు ఇవతల పెట్టి, మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఎడం భుజం లోపలికి దూర్చి, మెడ పక్కకి వంచి, చెంప గోడకి ఆనించాడు.

"టైము చూడు" అన్నాడు.

పిల్లకి అర్థమైంది, కొంతవరకే. ఉత్సాహంగా ఫోను తీసి నేల మీద కూర్చుంది. "ఎనిమిది నిమిషాలు చూపిస్తావా? అమ్మా, రా, చూద్దువుగాని!"

అతను మొదలుపెట్టాడు. లేని బోల్టుల్ని ఉన్నట్టే తడిమాడు. పైపు వెనకనుంచి చెయ్యి పోనిచ్చాడు. పాత ప్యాకింగు తీగతో పీకినట్టు పీకాడు. ఒక్కో చుట్టూ తీసి పక్కన పెట్టాడు. మధ్యలో ఊపిరి కోసం ఆగాడు, అక్కడ ముసుగులో ఆగినట్టే. కూతురు గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడింది.

"తాతా, ఎనిమిదయ్యాయి" అంది పిల్ల.

అతను ఆపలేదు.

పద్నాలుగయ్యాయి. ఇరవై అయ్యాయి. "ఇరవై" అన్నప్పుడు పిల్ల గొంతు మారింది. అతని చొక్కా వీపున తడిసిపోయింది. కొత్త చుట్లు ఒక్కొక్కటే దూరుస్తున్నాడు, వేలితో అదుముతున్నాడు, ఒక్కో బోల్టూ కొంచెం కొంచెం బిగిస్తున్నాడు. ఫోను వెలుగు ఆరిపోతుంటే పిల్ల వేలితో తాకుతోంది.

అతను బయటికి వచ్చి గోడకి చేరబడ్డాడు.

"నలభై ఒకటి" అంది పిల్ల. ఆ తర్వాత అతని ఛాతీ వైపు చూసింది. "నలభై ఒక నిమిషాలకి బ్యాడ్జీ అంత తక్కువ ఎలా చూపిస్తుంది?"

అతను వీధి గుమ్మం వైపు వేలు పెట్టి చూపించాడు. "బయట. ఇటుకల వెనక."

"ఎన్నిసార్లు?"

"ప్రతిసారీ."

"నువ్వొక్కడివేనా?"

"అందరం."

పిల్ల ఫైలు ఒళ్లోకి తీసుకుంది, కానీ తెరవలేదు. "ఎందుకు?" అంది. అతను చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి, మీటరు సంగతితో సహా. అంత పొడుగు మాట అతని నోట కూతురు ఎప్పుడూ వినలేదు. 

"మంచి పనే అనుకున్నాం" అన్నాడు ఆఖరున.

"ఏడుగురు పోయారు తాతా. వాళ్ల పేర్లు నేను 'పనితో సంబంధం లేదు' అన్న గడిలో వేశాను. ఆ గడి గీసింది నేనే." "ఈ లెక్కల మీదే నేను లోపలికి వెళ్లబోయాను."

కూతురు వచ్చి పిల్ల పక్కన నేల మీద కూలబడింది. "వెళ్లొద్దు. అంతే. ఆ మూడోదేదో, బూడిదది తీసుకుంటుంది. నాన్నా, నువ్వు సంతకం పెట్టకు, ఇంకేమీ మాట్లాడకు. రేడియో మావయ్య మంచంలో ఉన్నాడు. కార్డు పోతే ఆయన గతేంటి? పోయినవాళ్లు ఎలాగూ పోయారు."

"అమ్మ చెప్పింది నిజమే" అంది పిల్ల, కళ్లు తుడుచుకుంటూ. "బూడిద శాఖకి మారతానంటే వాళ్లు కారణం కూడా అడగరు. నువ్వు రానక్కర్లేదు తాతా."

తల్లీకూతుళ్లు ఇద్దరూ అతని ముఖం వైపు చూశారు. మాట్లాడకుండా ఉండమని అతన్ని ఎవరూ బతిమాలిన పాపాన పోలేదు ఇంతవరకు.

"నీ వెనక పద్నాలుగు మంది అన్నావు" అన్నాడు ఫిట్టరు.

మర్నాడు పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మనవరాలితో కలిసి బస్సెక్కాడు. కాలేజీ మొదటి అంతస్తులో పొడుగాటి వరండా. గోడవారగా ఫైళ్లు పట్టుకుని పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఒకరి దాంట్లోకి ఒకరు తొంగి చూసుకుంటున్నారు, మార్కులు చెప్పుకుంటున్నారు. వరసలో మొదటి పేరు మనవరాలిదే కాబట్టి ఇద్దర్నీ నేరుగా లోపలికి పిలిచారు.

ప్రొఫెసరు కుర్చీలోంచి లేచాడు. "రండి పెద్దాయనా, రండి. మిమ్మల్ని చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. కూర్చోండి."

ఫిట్టరు కూర్చోలేదు. "ఆ లెక్కలు అబద్ధమండీ" అన్నాడు. "అబద్ధం పెట్టింది మేమే."

ప్రొఫెసరు ముఖం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. ఫిట్టరు నాలుగు మాటల్లో చెప్పాడు. నిన్న సాధకం అయింది కాబట్టి ఈసారి మాట తొందరగానే వచ్చింది. పిల్ల తల వంచుకుని నిలబడింది.

ప్రొఫెసరు వెళ్లి తలుపు మూశాడు. గడియ కూడా వేశాడు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు."

"మంచిది." వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. గొంతు మెత్తగా ఉంది. "చూడండి. వయసు మీద పడ్డాక పాత సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. ఇరవై నిమిషాల ప్లానుకి పైవాళ్లు ఒప్పేసుకున్నారు. సోమవారం నుంచి నీళ్లు తోడటం మొదలు. ఇప్పుడు మీ ఒక్కరి మాట మీద అదంతా ఆగదు. అమ్మాయికి కావాలంటే వేరే శాఖ ఇద్దాం, ఏ శాఖ అడిగితే ఆ శాఖ. కింది గది పని ఇంకెవరైనా చేస్తారు. మీ వాళ్ల ఆసుపత్రి కార్డులు, అవీ ఉన్నాయి కదా. మీకు తెలియనిది ఏముంది?"

కిటికీలోంచి దూరంగా ప్లాంటు గుమ్మటం కనబడుతోంది. నున్నగా, బూడిద రంగులో, చుట్టూ పిట్ట కూడా లేకుండా.

ఫిట్టరు మనవరాలి వైపు చూశాడు. ఆమె తల ఎత్తింది. రాత్రంతా నిద్ర లేని కళ్లు. వద్దనలేదు.

అతను వెళ్లి గడియ తీశాడు. "పెద్దాయనా" అన్నాడు ప్రొఫెసరు వెనకనుంచి, ఈసారి మెత్తగా కాదు. ఫిట్టరు వరండాలోకి వచ్చాడు. పిల్లలు మాటలాపి చూశారు.

"కింది గది ప్రాజెక్టుకి వచ్చింది ఎవరు బాబూ?" అన్నాడు.

ముందున్న కుర్రాడు చెయ్యి సగం ఎత్తాడు. వాడి వెనక ఇద్దరు ఆడపిల్లలు ఎత్తారు. తర్వాత వరసలో చాలా చేతులు లేచాయి.

"ఆ గదిలో పదకొండేళ్లు పనిచేశాను. పుస్తకంలో ఎనిమిది నిమిషాలని ఉంటుంది. నలభై నిమిషాలు ఉన్నాను. బ్యాడ్జీ బయట పెట్టి దిగాను. పదకొండు మందిలో ఏడుగురు పోయారు. ఆ లెక్కలు నమ్మి దిగకండి."

గొంతు పెద్దది చేసే అలవాటు లేదు అతనికి. వరస చివర ఉన్నవాళ్లు "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు?" అని ముందువాళ్లని అడుగుతున్నారు. గదిలో ప్రొఫెసరు ఎవరికో ఫోను చేస్తున్నాడు. ఫిట్టరు గోడ పట్టుకుని మెల్లగా వరస చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి, మళ్లీ మొదటినుంచి చెప్పాడు.